చిన్న సభలలో బేసు గిటారు

రెండేండ్ల క్రిందట గోదావరి యొడ్డుననున్న యొక గ్రామములో జరిగిన పాటకచేరికి నేను పోయియుంటిని. పాడినవారు మన విద్యార్థులవంటి యువకులే. కీబోర్డు, తబలా, గిటారు, బేసు గిటారు, ఇద్దరు గాయకులు. వినువారు నూటయేబదిమందికి మించరు. పాట మొదలిడిన వెంటనే ఆ హాలు రేకుల కప్పు గడగడ వణకెను. ముందు వరుసలోని తల్లులు పసిబిడ్డల చెవులు మూసిరి. వెనుకనున్న మాకు స్వరమనునది తెలియలేదు. ఎడతెగని హోరు మాత్రమే వినవచ్చెను. నా ప్రక్కన కూర్చున్న ముసలమ్మ గాయకులలో నొకనికి నాయనమ్మ యట. కచేరి ముగిసిన పిదప మనుమని దగ్గరకు పిలిచి, “ఉరుములే ఇనబడ్డయి గని నీ పాట ఇనబడలే బిడ్డా” అనెను. ఆ పిల్లవాడు నెల దినములు ఆ పాటను సాధన చేసియుండెను.

మన లక్సెట్టిపేట ప్రాంతమున ఇప్పుడు వార్షికోత్సవములకును, పండుగ కూటములకును, పెండ్లిండ్లకును ఇట్టి చిన్న మేళములు విరివిగా ఏర్పడుచున్నవి. మన బడిలో చదివినవారును వానిలో నున్నారు. కావున ఈ వాద్యము చిన్న సభలో చక్కగా పలుకుటకు ఏమి కావలయునో, నాకు తెలిసినంతవఱకు విద్యార్థులకొఱకును, గిటారు కొనిపెట్టుచున్న తల్లిదండ్రులకొఱకును వ్రాయుచున్నాను.

బేసు గిటారునకు సాధారణముగా నాలుగు తీగెలుండును. అన్నిటికంటె లావైన తీగె సెకనుకు సుమారు 41 కంపనములతో మ్రోగును. తక్కినవి వరుసగా 55, 73, 98 కంపనములతో మ్రోగును. హార్మోనియము నెఱిగినవారికి చెప్పవలెనన్న, ఇవి మూడు శ్రుతి, ఆరు శ్రుతి, రెండు శ్రుతి, అయిదు శ్రుతులకు మంద్రస్థాయిలోని షడ్జములు. పూర్వము పాశ్చాత్య మేళములలో ఈ పని మనిషికంటె నెత్తైన డబుల్ బేసు అను వాద్యము చేయుచుండెను. దానిని బండిలో నెక్కించుట యొక కష్టము, డ్రమ్ముల మ్రోతలో వినిపించుట మఱియొక కష్టము. అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ టుట్‌మార్క్ అను నతడు 1930వ దశకములోనే విద్యుత్తుతో పలుకు చిన్న బేసును చేసెను గాని, అది వ్యాపించలేదు. 1951లో లియో ఫెండర్ అమ్మకమునకు తెచ్చిన బేసు గిటారే లోకమంతట నిలిచినది. వీణకువలె దీనికి మెట్లుండుటచేత స్వరము తప్పక సరిగా పలుకునని, దానికి ‘ప్రెసిషన్’, అనగా కచ్చితము, అని పేరు పెట్టెను.

మంద్రనాదము మనకు క్రొత్త గాదు. మృదంగ విద్వాంసుడు కచేరికి ముందు తొప్పి పైని తడిపిన రవ్వ ముద్దను అద్దుట చూచియుందురు. ఆ బరువుచేతనే ఎడమవైపు నాదము క్రిందికి దిగి గంభీరమగును. మన యూళ్లలో దప్పు వాయించువారు చలికాలపు రాత్రి మంచుకు చర్మము సడలగానే గడ్డిమంట వేసి కాచుకొందురు. వారెవరును నాదము చాలలేదని చేతి బలమును పెంచరు. ముందుగా వాద్యమును ఆ గాలికిని, ఆ చోటికిని తగినట్లు సరిచేసికొందురు. మన బేసు యువకులు మొట్టమొదట త్రిప్పునది మాత్రము మ్రోత పెంచు మీట!

ఇక్కడ చెవి సంగతి కొంత తెలిసికొనవలెను. మానవుని చెవి అన్ని స్వరములను సమానముగా వినదు. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి ప్రకటించిరి. మెల్లని ధ్వనులయందు, 1000 కంపనముల స్వరమును, 50 కంపనముల స్వరమును సమానముగా వినుటకు, రెండవదానిని 30 డెసిబెల్‌లకు మించి హెచ్చించవలసివచ్చును. కావున లావు తీగె చాలలేదని వాయించువానికి తోచుట సహజమే. మీట త్రిప్పును. అయితే వినుటకు మ్రోత రెట్టింపైనట్లు తోచవలెనన్న ఆంప్లిఫయరు శక్తి సుమారు పదిరెట్లు కావలయును. 100 వాట్ల పెట్టె గలవాడు 1000 వాట్లు ఎక్కడనుండి తెచ్చును? ఇంతేకాక స్వరము ఒక స్థాయి క్రిందికి దిగినచో, అదే బలముతో వినిపించుటకు స్పీకరు కాగితము నాలుగురెట్లు ముందునకు వెనుకకు కదలవలెను. పది, పండ్రెండు అంగుళముల స్పీకరుగల చిన్న పెట్టెలలో చాలభాగము 60 కంపనములకు దిగువను బలహీనపడును. అట్టిదానిని అడుగు స్వరమునకై బలవంతపెట్టినచో కాగితము దడదడలాడును, కొన్నిమార్లు చినుగును, స్వరము మాత్రము రాదు.

అట్లయిన చిన్న పెట్టెలో లావు తీగె వినబడకపోవునా? వినబడును. దీనిని మీ చేతిలోని ఫోనే ఋజువు చేయుచున్నది. దానిలోని గోరంత స్పీకరు 41 కంపనములను పలుకనే లేదు. అయినను పాటలోని బేసు నడకను మనము పోల్చుకొనుచున్నాము. తీగె మ్రోగినప్పుడు 41తోపాటు 82, 123, 164 కంపనముల అనుస్వరములును పుట్టును. వీనిని విన్న చెవి, అడుగుననున్న స్వరము లేకున్నను దానిని తానే పూరించుకొనును. ఈ యొక్క సంగతిని గ్రహించినచో సగము పని అయినట్లే. చిన్న సభలో బేసు స్పష్టముగా వినబడుట అనుస్వరములచేతనే గాని, నేల యదరుటచేత గాదు. కాబట్టి మిక్సరులో 40 కంపనములకు దిగువనున్నదానిని తీసివేయవచ్చును. 200 ప్రాంతమున గుబగుబ యెక్కువైనచో కొంచెము తగ్గించవలెను. 700 మొదలు 1000 వఱకు గల చోట, అనగా వ్రేలు తీగెను తాకిన చప్పుడు వినబడు చోట, కొంచెము హెచ్చించవలెను. ఒంటరిగా విన్నప్పుడు ఈ ధ్వని కొంచెము గీరగా తోచి నచ్చకపోవచ్చును. తబలాయు, కీబోర్డును చేరిన పిమ్మట అదే తగినదని తెలియును. ఇంటిలో ఒంటరిగా వాయించి, మనస్సున కింపుగా అమర్చుకొన్న మీటలను అట్లే సభకు తెచ్చుట మన పిల్లలలో తఱచుగా చూచుచున్న పొరపాటు.

తరువాతిది హాలు. 41 కంపనముల స్వరతరంగము పొడవు సుమారు 27 అడుగులు. మన చిన్న హాళ్ల వెడల్పుకంటె అలయే పొడవన్నమాట! స్లాబు కప్పును, సిమెంటు గోడలును, నున్నని బండలునుగల గదిలో ఇట్టి అల అటు గోడకును ఇటు గోడకును తగిలి తిరుగుచు, కొన్ని స్వరములను మాత్రము ఉబ్బించును. దీనినే భౌతికశాస్త్రమున అనునాదమందురు. గోడల నడుమ 20 అడుగులున్న హాలులో 28 కంపనములకు ఒకటియు, దానికి రెట్టింపుగా 57కు దగ్గఱగా మఱియొకటియు ఉబ్బును. మొదటిది మన తీగెలకు అందదు. రెండవది రెండవ లావు తీగెకును, దాని మొదటి మెట్టునకును నడుమ పడుచున్నది. ఆఱు, ఆఱున్నర శ్రుతుల నడుమ యని చెప్పవచ్చును. గాయకుడు రెండు శ్రుతిలో పాడుచున్నాడనుకొందము. అతని పంచమము సరిగా ఆఱు శ్రుతియే. పాటలో పంచమము వచ్చినప్పుడెల్ల ఆ హాలు ఒక్కసారిగా ఊళ వేసినట్లగును. తక్కిన స్వరములు మామూలుగా నుండును. వాయించువాడు తన వ్రేలే గట్టిగా తగిలినదని తికమకపడును.

దీనికి మందు మూడు విధములు. పెట్టెను మూలనుండి బయటికి తెచ్చుట మొదటిది. గోడ ప్రక్కన మంద్రనాదము హెచ్చును, రెండు గోడలు కలియు మూలలో ఇంకను హెచ్చును. ఉబ్బు స్వరము నొక్కదానిని మిక్సరులో తగ్గించుట రెండవది. మూడవది శ్రుతిని అరమెట్టు మార్చుట. గాయకుని గొంతు ఒప్పుకొన్నచో మీటలచేత కాని పని దీనిచేత నగును. ఒక క్రిస్మసు పాటను రెండు శ్రుతినుండి ఒకటిన్నరకు దింపగానే హాలు శాంతించుట నేను చూచితిని. సభకు ముందు ఖాళీ హాలులో ఒక్కొక్క మెట్టునే మెల్లగా వాయించుకొనుచు పోయినచో ఏ స్వరమున కుబ్బు గలదో పది నిమిషములలో తెలియును. అయితే ఖాళీ హాలులో విన్నదానిని పూర్తిగా నమ్మరాదు. జనులు కూర్చున్న పిదప వారి దేహములును బట్టలును పై స్వరములను బాగుగా పీల్చుకొనును, క్రింది స్వరములను అంతగా పీల్చవు. అందుచేత మధ్యాహ్నము సరిపోయిన బేసు సాయంకాలము బరువెక్కినట్లు తోచును. మొదటి పాట కాగానే కొంచెము తగ్గించుటకు సిద్ధముగా నుండవలెను.

షామియానాలో దీనికి విరుద్ధము. గుడ్డ గోడలు మంద్రనాదమును ఆపలేవు. అది పొలములమీదికి పోవును. అక్కడ పెట్టెను బల్లపై గాక నేలమీదనే పెట్టి, వెనుక ఏదైన ఇటుక గోడ యున్నచో దాని చేరువకు చేర్చుట మేలు. లోపలి హాలులో తప్పని చెప్పినదే బయట ఒప్పగుచున్నది.

వాయించువాడు తాను వినుట గూర్చి యొకమాట. చిన్న వేదికమీద పెట్టె అతని కాళ్ల వెనుకనే యుండును. ధ్వని పిక్కలకు తగులును, చెవికి స్పష్టత యందదు. తనకు వినబడుట లేదని అతడు హెచ్చించును, ఎదుటనున్నవారి గుండెలదరును. హాలులో పెట్టెను ఒక బెంచీపై చెవి యెత్తునకు లేపినను, లేదా ముందు అంచు క్రింద ఇటుక పెట్టి ముఖము పైకి వంచినను ఈ బాధ చాలవఱకు తీఱును. ఖర్చు లేని పని.

ఇక చేయి. వీణలో గుఱ్ఱమువంటి ఆధారము గిటారునకును గలదు. దాని చేరువ మీటినచో ధ్వని గట్టిగా, స్పష్టముగా వచ్చును. దండి వైపునకు జరిగి మీటినచో మెత్తగా, గుండ్రముగా వచ్చును. మిక్సరులోని నాలుగు మీటలు చేయు పనిని చేయి నాలుగంగుళములు జరుపుటచేత చేయవచ్చును. మీటని తీగెలను ఎడమచేతి వ్రేళ్లతోను, కుడిచేతి బొటనవ్రేలితోను అదిమి పట్టవలెను. లేనిచో అవి తమంతట తామే మ్రోగి బురద చేయును. డెట్రాయిటు నగరమున 1960వ దశకమునందు మోటౌన్ సంస్థవారి పాటలకు బేసు వాయించిన జేమ్స్ జేమర్సన్ ఒక్క చూపుడు వ్రేలితోనే మీటెడివాడు. చదునైన చుట్టుగల పాత తీగెలనే యుంచుకొని, వాని క్రింద చిన్న స్పాంజి ముక్కను దూర్చి, నాదమును త్వరగా ఆగునట్లు చేసెడివాడు. నాదము త్వరగా ఆగినచో తరువాతి స్వరమునకు చోటు దొరకును. ప్రతిధ్వని గల మన సిమెంటు హాళ్లకు ఆ స్పాంజి ముక్క వేలరూపాయల పరికరముకంటె మేలు. కొడుకు క్రొత్త పెడలు కొనుమని అడిగినప్పుడు తండ్రులు ఈ పేరాను అతనిచేత బిగ్గరగా చదివించవచ్చును!

మన తెలుగు వినువారికి బేసు నడక నేర్పినది చాలవఱకు సినిమా పాటయే. ఇళయరాజాగారి సంగీతములో, 1989లో వచ్చిన ‘గీతాంజలి’వంటి చిత్రములలో, బేసు పాట క్రింద నిలిచియుండుటయే గాక తానొక ఎదురుపాట పాడుచుండును. ఆయన పాటలకు శశిధరన్‌గారును, ఏ. ఆర్. రహమాన్‌గారి పాటలకు కీత్ పీటర్స్‌గారును వాయించిన బేసును మన పిల్లలు శ్రద్ధగా విని నేర్చుకొనవలసినదే. అయితే రికార్డింగు గదిలో ప్రతి వాద్యమును వేఱుగా తూచి కలుపుదురు. మన హాలులో తబలా ఎడమది, హార్మోనియమో కీబోర్డో వాయించువాని ఎడమచేయి, బేసు గిటారు, ఈ మూడును ఒకే మంద్రస్థలమునకై త్రోపులాడుకొనును. కీబోర్డు వాయించువాడు ఎడమచేతిని విశ్రమింపనిచ్చుట మొదటి మర్యాద. డగ్గా దెబ్బతోపాటు బేసు పలికి, దానితోపాటే ఆగుట రెండవది.

కీర్తనలయందు మఱింత జాగ్రత్త కావలయును. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగు వారి క్రైస్తవ కీర్తనలు మన రాగములలో కట్టినవి. వానిక్రింద ఇంగ్లీషు పాటలకువలె గడియకొక ఆధారస్వరమును మార్చినచో రాగము కుంటును. షడ్జ పంచమములను తంబూరావలె నిలుపుట చాలును. హిందోళము, శ్రీరంజని వంటి రాగములలో పంచమమే లేదు. అక్కడ అలవాటుచేత పంచమము మీటుట అపచారము, మధ్యమమును పట్టుకొనవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయము. గిటారునుండి వచ్చు విద్యుత్సంకేతము మిక్కిలి బలహీనమైనది. సాధారణ కేబులు ఇరువది అడుగులకు మించిన కొలది పై స్వరములు తఱుగును, గుర్రుమను మ్రోత చేరును. దూరముననున్న మిక్సరునకు పంపవలెనన్న నడుమ డైరెక్టు బాక్సు అను చిన్న పెట్టె నుంచవలెను. మన దేశమున కరెంటు 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. కావున కరెంటు గుర్రు 50, 100 కంపనములతో వినవచ్చును. మన సన్న తీగె స్వరము 98! అయిదు శ్రుతిలో పాడునప్పుడు ఈ గుర్రు, తీగె కలిసి సెకనుకు రెండుమార్లు ఊగుచుండును. దానిని విని గిటారు శ్రుతి తప్పినదని బిరడాలు త్రిప్పుకొన్నవారిని నేనెఱుగుదును.

ఈ గుర్రును పోగొట్టుటకు కొందఱు అద్దె సామానువారు ప్లగ్గులోని మూడవ పిన్నును, అనగా ఎర్తు తీగెను, త్రెంచివేయుదురు. గుర్రు తగ్గుటయు నిజమే. కాని ఆ పిమ్మట ఆంప్లిఫయరులో ఏ తీగె యైనను ఊడి లోపలి రేకును తాకినచో, ఆ కరెంటు భూమిలోనికి పోవు దారి లేక గిటారు తీగెలలోనికి వచ్చును. వాయించువాని వ్రేళ్లు తీగెలమీద నుండును. పెదవి మైకును తాకును. మైకు వేఱొకచోట ఎర్తై యుండును. కరెంటు చేతినుండి పెదవికి, గుండె మీదుగా పోవును. స్టోన్ ది క్రోస్ అను మేళములో గిటారు వాయించుచుండిన లెస్లీ హార్వే 1972లో వేల్సు దేశమందలి స్వాన్సీ పట్టణమున, వేదికమీదనే, ఎర్తు సరిగా లేని మైకును ముట్టి మరణించెను. అంత దూరము పోనేల? ఒక షామియానాలో, మంచు పడిన తడి నేలమీద వట్టి కాళ్లతో నిలిచిన యొక పదునాఱేండ్ల పిల్లవాడు మైకునకు పెదవి తాకించి వెనుకకు విఱుచుకొని పడుట నా కన్నుల చూచితిని. ఎవరో మెయిను స్విచ్చి తీసిరి. బ్రతికెను. ఆ రాత్రి వాని తల్లికి నేను ఏమి చెప్పితినో నాకిప్పుడు జ్ఞాపకము లేదు.

కావున ఎర్తును ఎన్నడును త్రెంపరాదు. డైరెక్టు బాక్సుపై ‘గ్రౌండ్ లిఫ్ట్’ అను మీట యుండును. అది ధ్వని తీగె తొడుగును మాత్రమే విడదీయును, కరెంటు ఎర్తును ముట్టదు. గుర్రు పోగొట్టుటకు అదియే తగిన దారి. మేళమువారి ఆంప్లిఫయరు, కీబోర్డు, మిక్సరు అన్నియు ఒకే బోర్డునుండి కరెంటు తీసికొన్నచో గుర్రు మొదలే తగ్గును. ఆ బోర్డునకు ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి యుండవలెను. కరెంటు దారి తప్పగానే అది రెప్పపాటులో త్రెంచివేయును. గోడలోని ఎర్తు పనిచేయుచున్నదో లేదో పరీక్షించుట ఎలక్ట్రీషియను పని. విద్యార్థులు ఆ పనికి చేయి పెట్టరాదు. పరీక్ష కానిదే వేదిక నెక్కమని చెప్పుటకు మాత్రము వారికి హక్కు కలదు, పెద్దలు ఆ మాటను మన్నించవలెను.

మొదట చెప్పిన మేళమువారిని గూర్చి కొంత మిగిలినది. ఆ పిల్లవాండ్రు మరుసటి నెలలో మఱియొక కూటమునకు నన్ను పిలిచిరి. సాయంకాలము అయిదింటికి హాలునకు పోయి, పెట్టెను మూలనుండి ఆరడుగులు ఇవతలికి లాగి బెంచీ యెక్కించితిమి. తీగెల క్రింద గిన్నెలు తోము స్పాంజి ముక్కను దూర్చితిమి. అడుగు స్వరము తగ్గించినప్పుడు బేసు వాయించు అబ్బాయి ముఖము చిన్నబుచ్చుకొనెను. తన వాద్యమును తీసివేయుచున్నామని అనుకొనెను కాబోలు. “నీవు వాయించుచుండుము, నేను వెనుకకు పోయి వినెదను” అంటిని. గోడ దగ్గఱ నిలిచి వింటిని. ఒక్కొక్క స్వరము వేఱువేఱుగా, మెట్లు దిగుచున్న అడుగులవలె వినవచ్చెను. తరువాత అతనినే అక్కడికి పంపి, మిక్సరువద్ద కూర్చున్న వాని మిత్రునిచేత గిటారు మీటించితిని. అతడు అక్కడనుండియే చేయి యెత్తి, ఇంకను కొంచెము తగ్గించుమని సైగ చేసెను.